మా హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పేవాళ్లు లేరు. వచ్చినవాళ్లు నిలబడాలంటే ఏం చేయాలి?

పల్నాడు_హెచ్ఎం | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను పల్నాడు జిల్లాలో ఒక జెడ్పీ హైస్కూలుకు హెడ్మిస్ట్రెస్‌ని. ఊరి పేరు రాయడం లేదు. వినుకొండ దాటి బొల్లాపల్లి వైపు లోపలికి వెళ్లాలి అంటే ఆ ప్రాంతం తెలిసినవాళ్లకు చాలు.

మా ఫిజికల్ సైన్స్ (పీఎస్) సార్ ఆరోగ్యం బాగాలేక జులైలో స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు. మెగా డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల నియామకం) నోటిఫికేషన్ అంతకుముందే, ఏప్రిల్‌లోనే వచ్చేసింది. కాబట్టి ఆ ఖాళీ అందులో లేదు. 16,347 పోస్టులని పేపర్లో చూసి మా ఊళ్లో అందరూ ఇక టీచర్ల కరువు తీరిపోయిందనుకున్నారు. లెక్కల టీచర్ వచ్చింది, బాగా చెబుతోంది కూడా. పీఎస్‌కి మాత్రం ఎవరూ లేరు. 8, 9, 10 తరగతులకు మా బయాలజీ మేడమే ఫిజిక్స్, కెమిస్ట్రీ చెబుతున్నారు.

మొన్న పదో తరగతిలో వెనక బెంచీలో కూర్చున్నాను. బోర్డు మీద సర్క్యూట్ గీశారు. ఒక బ్యాటరీ, శ్రేణిలో రెండు బల్బులు. ఒక అమ్మాయి లేచి, "మేడమ్, మొదటి బల్బు కొంత కరెంటు వాడేసుకుంటుంది కదా, రెండోది తక్కువ వెలుగుతుందా?" అని అడిగింది. మేడమ్ ఒక్క క్షణం ఆగి, "అవునమ్మా, కొంచెం తగ్గుతుంది" అన్నారు.

ఆవిడను తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. ఆవిడది బోటనీ ఎమ్మెస్సీ. తన క్లాసులు కాక వారానికి పన్నెండు పీరియడ్లు అదనంగా మోస్తున్నారు. ఇది ఇక్కడ రాస్తానని ఆవిడకు చెప్పే రాస్తున్నాను. ఆ జవాబు తప్పేమోనని నాకు అనుమానం వచ్చింది, కానీ ఎందుకు తప్పో నేనూ చెప్పలేకపోయాను. నాది సోషల్.

మార్చిలో ఈ పిల్లలు పీఎస్ 50 మార్కులకు విడిగా రాయాలి. అది ఈ ఏడాది సమస్య. పెద్ద సమస్య ఏంటంటే, నేను వచ్చిన ఆరేళ్లలో లెక్కలకు, పీఎస్‌కి కలిపి ఐదుగురు మారారు. మాలాంటి స్కూళ్లకు ఈ రెండు సబ్జెక్టుల టీచర్లు ఎలా వస్తారు, వచ్చినవాళ్లు ఎలా ఉంటారు? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

బ్రాడీపేట_మ్యాథ్స్ | శనివారం, రాత్రి 10:03

మేడమ్ గారూ, నేను గుంటూరులో ఒక కార్పొరేట్ కాలేజీలో లెక్కలు చెబుతాను. ఎమ్మెస్సీ, బీఈడీ. మీ స్కూలుకు రావాల్సినవాళ్లలో నేనూ ఒకణ్ని, కాబట్టి ఎందుకు రాలేదో చెబుతాను.

2018 అక్టోబరులో డీఎస్సీ పడినప్పుడు నా బీఈడీ పూర్తి కాలేదు. పూర్తయ్యాక ఎదురుచూశాను. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు ఒక నోటిఫికేషన్ వచ్చింది, పరీక్ష జరగకుండానే రద్దయింది. చివరికి వచ్చింది 2025 ఏప్రిల్‌లో. ఈ ఆరున్నరేళ్లలో నాకు పెళ్లయింది, పాప పుట్టింది, నాన్నకు గుండె ఆపరేషన్ అయింది. ఖాళీగా కూర్చోలేను కదా. మా బీఈడీ బ్యాచ్‌లో మ్యాథ్స్ మెథడాలజీ వాళ్లం పద్దెనిమిది మందిమి. ఈసారి డీఎస్సీ రాసింది నలుగురే. మిగతావాళ్లు బ్యాంకులకో, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌కో, నాలాగా కార్పొరేట్‌కో వెళ్లిపోయారు.

గవర్నమెంట్ జీతం తక్కువని ఎవరూ రారని కొందరంటారు. అది నిజం కాదు. స్కూల్ అసిస్టెంట్ బేసిక్ 44,570తో మొదలవుతుంది. మా దగ్గర కొత్తగా చేరినవాడికి అందులో సగం ఇస్తే గొప్ప. జీతం కోసం కాదు, ఆ జీతం ఎప్పుడొస్తుందో తెలియక పోతున్నారు. ఏటా డీఎస్సీ వేస్తామని ప్రభుత్వం అంటోంది. ఏటా ఫలానా నెలలో అని ఖాయంగా తెలిస్తే డిగ్రీలో ఉన్న పిల్లాడు ధైర్యంగా బీఈడీలో చేరతాడు. లెక్కలు బాగా వచ్చినవాడికి బయట దారులు ఎక్కువ. అందుకే ఆలస్యం చేస్తే ముందు జారిపోయేది లెక్కలవాళ్లు, ఫిజిక్స్‌వాళ్లే.

అవనిగడ్డ_రూమ్ | శనివారం, రాత్రి 11:20

అన్న చెప్పింది అక్షరాలా నిజం. నేను స్కూల్ అసిస్టెంట్ (ఎస్ఏ) పీఎస్‌కి ప్రిపేర్ అవుతున్నా. ఈసారి రెండున్నర మార్కుల్లో పోయింది. అవనిగడ్డలో రూమ్ తీసుకుని ఎనిమిది నెలలున్నా. ఇక్కడ ఏ వీధిలో చూసినా డీఎస్సీ వాళ్లే. తెల్లవారుజామున నాలుగింటికి డాబాల మీద లైట్లు వెలుగుతుంటాయి.

మేడమ్, మీ పోస్టు చదివాక నిద్ర పట్టలేదు. ఆ రెండు బల్బుల బిట్ నేను కనీసం ఇరవై సార్లు చేసుంటాను. "శ్రేణి సంధానంలో విద్యుత్ ప్రవాహం అన్నిచోట్లా సమానం" అని టిక్ పెట్టడం వచ్చు. కానీ ఆ అమ్మాయి అడిగినట్టు అడిగితే ఏం చెప్పాలి? "సమానంగానే ఉంటుందమ్మా, రాసుకో" అనేవాణ్నేమో.

మా పరీక్షలో టీచర్ అర్హత పరీక్ష టెట్‌కి 20 శాతం వెయిటేజీ, మిగతా 80 కంప్యూటర్ మీద బిట్లు. డెమో క్లాసు లేదు. నేను రోజుకు పన్నెండు గంటలు చదివాను, ఆ ఎనిమిది నెలల్లో ఒక్క పిల్లాడి ముందు కూడా నిలబడలేదు.

బీఈడీ_మాస్టారు | ఆదివారం, ఉదయం 6:40

నమస్తే అమ్మా. గుంటూరు ప్రాంతంలో బీఈడీ కాలేజీల్లో ముప్పై ఏళ్లు ఫిజికల్ సైన్స్ మెథడాలజీ చెప్పి రిటైరైనవాణ్ని. ఆ అమ్మాయి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మీరడిగిన పెద్ద ప్రశ్న కూడా అందులోనే ఉంది.

కరెంటు బల్బులో ఖర్చయిపోతుందని అనుకోవడం ఒక్క మీ స్కూలు పిల్లల పొరపాటు కాదు. అన్ని దేశాల్లోనూ పిల్లలు ఇలాగే అనుకుంటారని పరిశోధకులు చాలా కాలం కిందటే గమనించారు. పెద్దవాళ్లూ అనుకుంటారు. ఎందుకంటే మనం రోజూ "కరెంటు వాడుకున్నాం", "కరెంటు బిల్లు" అనే అంటాం. అందువల్ల "సమానం" అని చెప్పినంత మాత్రాన ఆ ఊహ పోదు. సైకిల్ చెయిన్ చూపించండి. పెడల్ దగ్గర ఎన్ని లింకులు కదిలితే వెనక చక్రం దగ్గరా అన్నే కదులుతాయి. చెయిన్ తగ్గిపోదు, కానీ దాని ద్వారా కాలి శక్తి చక్రానికి చేరుతుంది. కరెంటు చెయిన్ లాంటిది. బల్బు తీసుకునేది శక్తిని.

అంతకన్నా మంచిది చేసి చూపించడం. టార్చి బల్బులు రెండు, సెల్లులు రెండు, కొంచెం వైరు. స్విచ్ వేసే ముందు ప్రతి పిల్లా, పిల్లాడూ నోటుబుక్కులో రాయాలి: ఏది ఎక్కువ వెలుగుతుంది, ఎందుకు? రాశాకే వెలిగించండి. ఒక జాగ్రత్త. కొట్లో కొన్న రెండు బల్బులు అచ్చం ఒకేలా ఉండవు. ఒకటి కాస్త మసకగా వెలిగితే, పిల్లలు "చూశారా, రెండోది తగ్గింది" అంటారు. కంగారు పడకండి. రెండింటినీ చోటు మార్చండి. మసక బల్బు మొదటి స్థానానికి వచ్చినా మసకగానే ఉంటుంది. అంటే తేడా బల్బుదే గానీ స్థానానిది కాదని వాళ్లే చెబుతారు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. పైన తమ్ముడికి ఫిజిక్స్ వచ్చు. మీ బయాలజీ మేడమ్‌కు పిల్లలు తెలుసు. కావలసింది ఈ రెండూ కలిసిన మూడోది. ఈ విషయంలో పిల్లవాడు ఎక్కడ తడబడతాడు, ఏ ఉదాహరణ పనికొస్తుంది, ఏది చెడగొడుతుంది అనే తెలివిడి. 1986లో లీ షుల్మన్ అనే విద్యావేత్త దీనికి ప్రత్యేకంగా పేరు పెట్టాడు. ఆ తర్వాత ఉపాధ్యాయ శిక్షణ గురించి జరిగిన ఆలోచనంతా చాలావరకు ఆ మాట చుట్టూ తిరిగింది. ఇది పుస్తకంలో దొరకదు. అలాంటి పిల్లల మధ్య, చెయ్యి తిరిగిన టీచర్ పక్కన కొన్ని నెలలు గడిపితే వస్తుంది.

బీఈడీ అందుకే కదా ఉన్నది. 2015 నుంచి ఏడాది కోర్సును రెండేళ్లు చేశారు. 20 వారాలు స్కూల్లో ఉండాలని నిబంధన, మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. కాగితం మీద చాలా మంచిది. నేను కళ్లారా చూసింది చెబుతాను. కొన్నిచోట్ల విద్యార్థి అడ్మిషన్ రోజూ పరీక్ష రోజూ తప్ప కనిపించడు. "నాన్ అటెండింగ్" అనే మాట మన జిల్లాల్లో అందరికీ తెలుసు. లెసన్ ప్లాన్ రికార్డులు డబ్బిచ్చి రాయించుకుంటారు. నిజాయితీగా వచ్చేవాళ్లను కూడా కాలేజీకి దగ్గర్లో, టౌన్లో, టీచర్లందరూ ఉన్న స్కూలుకే పంపుతాం. ఇన్నేళ్లలో మీలాంటి స్కూలుకు ఒక్క బ్యాచ్‌ను కూడా నేను పంపలేదు. బస్సు దొరకదని పంపలేదు. అది నా తప్పు, ఈరోజు ఒప్పుకుంటున్నాను.

కొత్తటీచర్_2025 | ఆదివారం, ఉదయం 9:55

మాస్టారూ, మీరు రాసింది చదువుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను మెగా డీఎస్సీలో వచ్చిన ఎస్ఏ మ్యాథ్స్‌ని. సొంతూరు విజయవాడ, పటమట. పోస్టింగ్ తిరువూరు అవతల.

మొదటి వారం తొమ్మిదో తరగతిలో బహుపదులు మొదలుపెట్టాను. మైనస్ మూడులోంచి మైనస్ ఐదు తీసేస్తే ఎంత అని అడిగితే క్లాసులో సగం మంది మైనస్ ఎనిమిది అన్నారు. రూలు చెప్పాను. మర్నాడు మళ్లీ మైనస్ ఎనిమిదే. నాకు ఏడుపొచ్చింది. రాత్రి రూమ్‌లో కూర్చుని నేనే చెప్పడం రానిదాన్నని అనుకున్నాను. అడగడానికి స్కూల్లో ఇంకో లెక్కల టీచర్ లేరు. చివరికి మా హిందీ మేడమ్, "అమ్మాయ్, వీళ్లలో సగం మంది ఇళ్లలో పాలకేంద్రం ఖాతా పుస్తకం ఉంటుంది, అప్పులతో చెప్పి చూడు" అన్నారు. మొత్తం మీద మూడు రూపాయల లోటులో ఉన్నప్పుడు ఐదు రూపాయల అప్పు మాఫీ అయితే చేతిలో డబ్బు పెరిగినట్టా, తగ్గినట్టా అని అడిగాను. వెనక బెంచీ అబ్బాయి లేచి, "పెరిగినట్టే టీచర్, రెండు రూపాయలు మిగులుతాయి" అన్నాడు.

ఇంకో మాట. మేం ఉండకపోవడానికి మనసు లేక కాదు. అక్కడ గది కోసం పదకొండు ఇళ్లు తిరిగాను. పెళ్లి కాని అమ్మాయి ఒక్కతే ఉంటుందంటే ఇల్లివ్వలేదు. ఇప్పుడు తిరువూరులో ఉండి రెండు ఆటోలు మారి వెళ్తున్నా. సాయంత్రం ఐదున్నర బస్సు తప్పితే మళ్లీ ఏడింటికే. ఆ టెన్షన్‌తో చివరి పీరియడ్ తర్వాత ఒక్క పిల్లకైనా డౌట్ చెప్పలేకపోతున్నాను.

పల్నాడు_హెచ్ఎం | ఆదివారం, ఉదయం 10:30

అమ్మా, నువ్వు బాగా చెబుతున్నావు. మైనస్ ఎనిమిది దగ్గర అందరం ఏడ్చాం. మీ హెచ్ఎం గారిని అడిగి స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ (ఎస్ఎంసీ) మీటింగులో గది విషయం పెట్టించు. మా ఊళ్లో అలాగే చేశాం. ఇప్పుడు మా లెక్కల టీచర్ చైర్మన్ గారి అక్కయ్య ఇంట్లో పై పోర్షన్‌లో ఉంటోంది.

కృష్ణాతీరం | ఆదివారం, మధ్యాహ్నం 2:15

నేను పీఎస్ టీచర్ని, దివిసీమ వైపు పదిహేనేళ్లుగా. యేటిమొగ దగ్గర పంటు ఎక్కి కృష్ణ దాటితే ఎదురుమొండి. గాలి ఎక్కువైనా, తుపాను హెచ్చరిక వచ్చినా పంటు ఆగిపోతుంది. అలాంటి చోటికి ఎవరొచ్చినా మొదటి రోజు అడిగేది ఒకటే ప్రశ్న, "బదిలీలు ఎప్పుడు?" వాళ్లను నేనేమీ అనను.

కానీ గమనించింది ఒకటుంది. ఆ పక్క ఊళ్లలో ఏళ్ల తరబడి నిలబడిన టీచర్లు ఎవరంటే ఆ నేల మీద పుట్టినవాళ్లు, లేదా అక్కడి కోడళ్లు. వాళ్లకు అమ్మా నాన్నా అక్కడే, పొలం అక్కడే. పంటు ఆగితే అది వాళ్లకు మామూలే. దూరం అనేది ఎక్కడి నుంచి కొలుస్తున్నాం అన్నదాన్ని బట్టి ఉంటుంది. బెజవాడ నుంచి కొలిస్తే నాగాయలంక దూరం. నాగాయలంక పిల్లకు అది ఇల్లు.

కాబట్టి నేను అడిగేది వేరు. రాష్ట్రమంతా వెతికి ఒకరిని అక్కడికి పంపడం మీద పెట్టే శ్రమలో పదో వంతు ఆ మండలంలోనే ఎంపీసీ చదివే పిల్లల మీద ఎందుకు పెట్టం?

మిర్చి_రైతు | ఆదివారం, సాయంత్రం 6:48

సార్, మీరు చెప్పిన పిల్ల మా ఇంట్లోనే ఉంది. మాది దుర్గి దగ్గర. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం, లెక్కల్లో ఫస్ట్. టీచర్ అవుతానంటోంది. నేను వద్దంటున్నా. నన్ను చెడ్డవాణ్ని అనుకోకండి, లెక్క చూడండి. డిగ్రీ మూడేళ్లు, బీఈడీ రెండేళ్లు, ఐదు. ఆ తర్వాత టెట్, కోచింగ్, డీఎస్సీ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. బీటెక్ అయితే నాలుగేళ్లు, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుంది, ఏదో ఒకటి దొరుకుతుంది. పోయినేడు మిర్చి రేటు ఎలా పడిపోయిందో మీకూ తెలుసు. పిల్ల ఆశ కోసం నేను ఎన్నేళ్లు మోయగలను?

బీఈడీ_మాస్టారు | ఆదివారం, రాత్రి 7:30

అయ్యా, మీ లెక్క సరైనదే. ఒక దారి మాత్రం చెబుతాను. ఇంటర్ తర్వాత నేరుగా చేరే నాలుగేళ్ల బీఎస్సీ బీఈడీ కోర్సు ఉంది, ఐటెప్ అంటారు. డిగ్రీ, బీఈడీ రెండూ నాలుగేళ్లలోనే అయిపోతాయి, ఏడాది మిగులుతుంది. దీనికి కేంద్ర పరీక్షల సంస్థ ఎన్‌టీఏ పెట్టే ఎన్‌సెట్ ప్రవేశ పరీక్ష రాయాలి. వరంగల్ ఎన్ఐటీలో ఈ కోర్సు 2023లో మొదలైంది. మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థ 1963 నుంచి దక్షిణాది రాష్ట్రాలకు సైన్స్ టీచర్లను తయారు చేస్తోంది, మన పిల్లలు ఎందరో అక్కడ చదివి వచ్చారు. నోటిఫికేషన్ రాగానే సీట్లు, ఫీజులు మీరే చూసుకోండి. కాలేజీ వాడు చెప్పాడని నమ్మి మాత్రం ఎక్కడా డబ్బు కట్టకండి. హాస్టల్, ల్యాబ్, అనుబంధ స్కూలు ఉన్నాయా అని అడగండి.

తెనాలి_డాలస్ | సోమవారం, ఉదయం 5:10

అందరికీ నమస్కారం. తెనాలి వాణ్ని, డాలస్‌లో ఉంటాను. మా మేనకోడలు ఇక్కడ పుట్టి పెరిగింది. ఫిజిక్స్ డిగ్రీ చేస్తూ టీచర్ అవుదామనుకున్నప్పుడు నోయిస్ స్కాలర్‌షిప్ వచ్చింది. దాని సంగతి ఈ చర్చకు పనికొస్తుందని రాస్తున్నా.

ఇంటెల్ స్థాపకుల్లో ఒకరైన రాబర్ట్ నోయిస్ పేరిట 2002లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి పెట్టిన పథకం ఇది. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బు ఇస్తుంది. సైన్స్, లెక్కలు చదివేవాళ్లకు టీచర్ శిక్షణతో పాటు స్కాలర్‌షిప్. షరతు ఏమిటంటే, ఒక్కో ఏడాది సాయానికి రెండేళ్ల చొప్పున అవసరం ఎక్కువున్న స్కూలు జిల్లాలో పని చేయాలి. చేయకపోతే ఆ సొమ్ము అప్పుగా మారుతుంది, తిరిగి కట్టాలి.

నాకు నచ్చింది "అవసరం ఎక్కువున్న" అనే మాటకు వాళ్లిచ్చిన అర్థం. దూరం అన్న మాటే లేదు. పేదరికం ఎక్కువుండటం, తమ సబ్జెక్టు కానిది చెప్పే టీచర్లు ఎక్కువుండటం, టీచర్లు తరచూ మారిపోతుండటం. వీటిలో ఒకటి ఉన్నా చాలు. హెచ్ఎం మేడమ్ రాసిన మొదటి పోస్టులో చివరి రెండూ ఉన్నాయి.

సింగ్‌నగర్_సైన్స్ | సోమవారం, ఉదయం 8:20

దూరం కాదు అన్నందుకు తెనాలి అన్నకు కృతజ్ఞతలు. నేను విజయవాడ నడిబొడ్డున మున్సిపల్ స్కూల్లో పని చేస్తున్నా. బస్సు ఉంది, ఇల్లు ఉంది, డిజిటల్ బోర్డు (ఐఎఫ్‌పీ ప్యానెల్) ఉంది. కానీ నా క్లాసులో పిల్లల తల్లిదండ్రులు ఆటోనగర్ షెడ్లలోనో, మార్కెట్లోనో పని చేస్తారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు ఇళ్లతో పాటు పుస్తకాలూ పోయాయి. ల్యాబ్ బీరువాలో నీళ్లు నిలిచి, మైక్రోస్కోపు లెన్సులకు బూజు పట్టింది. నేను నా చున్నీతో ఒక్కొక్కటీ తుడిచి ఎండలో పెట్టాను. రెండే బాగయ్యాయి. బడి టౌన్లో ఉందని "ఇక్కడ కొరత లేదు" అని రాసుకుంటే మా పిల్లలు లెక్కలోకి రారు.

బ్రాడీపేట_మ్యాథ్స్ | సోమవారం, ఉదయం 9:02

నోయిస్ పద్ధతి మనకు కుదురుతుందా అని నాకు సందేహం. బాండ్ రాయించుకుంటే వచ్చినవాడు రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. గ్రామాల్లో పని చేయాలని డాక్టర్లతో రాయించుకున్న బాండ్లు ఎలా నడిచాయో చూశాం కదా.

కృష్ణాతీరం | సోమవారం, రాత్రి 8:44

తమ్ముడూ, బయటి నుంచి వచ్చినవాడికి బాండ్ గొలుసే. కానీ మిర్చి రైతు గారి అమ్మాయికి? ఆమె ఎలాగూ దుర్గికే తిరిగి రావాలనుకుంటోంది. నాలుగేళ్లు ఫీజు, హాస్టలు భరించి, చదువు పూర్తయ్యాక మీ మండలంలో పోస్టు మీదే అని రాసిస్తే అది ఆమెకు గొలుసు కాదు, వాళ్ల నాన్నకు భరోసా. ఆయన అడుగుతున్నది అదే. ప్రభుత్వానికి అటువైపు నుంచి కూడా బాండ్ ఉండాలి.

బదిలీల సంగతి కూడా చెప్పాలి. మారుమూల కేటగిరీ స్కూల్లో చేస్తే పాయింట్లు ఎక్కువిస్తున్నారు, మంచిదే. కానీ ఆ పాయింట్లు దేనికి పనికొస్తాయి? అక్కడి నుంచి బయటపడటానికి. ఉండిపోయినవాడికి ఏమీ లేదు. పైగా ఇంటి అద్దె భత్యం టౌనులో ఎక్కువ, పల్లెలో తక్కువ. ఎనిమిదేళ్లు నిండితే ఇష్టమున్నా లేకున్నా కదలాలి. ఉంటానన్నవాణ్ని ఉండనివ్వండి, ఉన్నందుకు ఏదైనా ఇవ్వండి.

సింగ్‌నగర్_సైన్స్ | సోమవారం, రాత్రి 9:15

చట్టంలో ఇంకో చిక్కు ఉంది సార్. విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 8 వరకు సైన్స్, లెక్కలకు కలిపి కనీసం ఒక టీచర్ ఉంటే సరిపోతుంది. 9, 10 తరగతులు ఆ చట్టం పరిధిలోనే లేవు. హెచ్ఎం మేడమ్ స్కూల్లో లెక్కల టీచర్ ఉన్నారు కాబట్టి చట్టం చూపులో లోటే లేదు. పిల్లలు ఫిజిక్స్‌లో అసలు పడేది 9, 10లలో.

కొత్తటీచర్_2025 | సోమవారం, రాత్రి 9:50

నాకైతే మొదటి ఏడాది ఒక్క మనిషి కావాలి. అంతే. సీనియర్ లెక్కల టీచర్ ఎవరైనా నెలకోసారి వచ్చి నా క్లాసు చూసి, తనిఖీలా కాకుండా, ఎక్కడ ఆగానో చెప్పాలి.

బీఈడీ_మాస్టారు | మంగళవారం, ఉదయం 6:15

అమ్మా, నువ్వడిగింది ఈ దేశంలో ఒకప్పుడు జరిగింది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 పల్లె స్కూళ్లతో సైన్స్ బోధన కార్యక్రమం ఒకటి మొదలైంది. చేసి నేర్చుకోవడం, చౌకైన కిట్లు, పుస్తకం చూసి రాసే పరీక్షలు. అక్కడి టీచర్లలో చాలామంది సైన్స్ చదివినవాళ్లు కాదు. అయినా నడిచిందంటే కారణం, టీచర్లు నెలకోసారి ఒకచోట చేరి తమ క్లాసులో పిల్లలు అడిగిన ప్రశ్నలు, తమకు రాని జవాబులు బల్ల మీద పెట్టుకుని కూర్చునేవాళ్లు. యూనివర్సిటీ శాస్త్రవేత్తలు వాళ్ల మధ్య వచ్చి కూర్చునేవాళ్లు. 2002లో ప్రభుత్వం దాన్ని మూసేసింది. కానీ ముప్పై ఏళ్లు నడిచింది.

మనకూ చుట్టుపక్కల స్కూళ్ల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగులు ఉన్నాయి. వాటిలో సగం సమయం ఫారాలకూ యాప్‌లకూ పోతుంది. ఆ సగాన్ని వెనక్కి తెచ్చుకోవాలి.

మీకందరికీ ఒక మాట. వినుకొండకు గుంటూరు నుంచి రైలుంది. నా మోకాళ్లు ఇంకా సహకరిస్తున్నాయి. హెచ్ఎం గారు రమ్మంటే నెలలో రెండు శనివారాలు వస్తాను.

పల్నాడు_హెచ్ఎం | మంగళవారం, రాత్రి 10:05

మాస్టారూ, రండి. స్టేషన్ దగ్గరికి బండి పంపిస్తాను.

కృష్ణాతీరం సార్ మాట చదివాక ఈరోజు ఆఫీసు రూమ్‌లో పాత అడ్మిషన్ రిజిస్టర్లు తీసి కూర్చున్నాను. గత పదిహేనేళ్లలో మా దగ్గర పది పాసై, ఎంపీసీ, ఆ తర్వాత బీఎస్సీ చేసినవాళ్లు ఎవరని మా అటెండర్‌ను, ఊళ్లో వాళ్లను అడిగి పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటూ వచ్చాను. పదకొండు మంది దొరికారు, అందులో ఏడుగురు ఆడపిల్లలు. ఒకమ్మాయి బీఈడీ ఫిజికల్ సైన్స్ చేసి, పక్క ఊరికే కోడలై, వినుకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో చిన్న జీతానికి చెబుతోంది. రోజూ మా స్కూలు ముందు నుంచే బస్సులో వెళ్తోంది. ఇన్నాళ్లూ నాకు తెలియదు.

ఫోన్ చేశాను. అకడమిక్ ఇన్‌స్ట్రక్టర్‌గా తీసుకోవడానికి అనుమతి కోరుతూ డీఈఓ ఆఫీసుకు పేరు పంపాను. జీతం రెగ్యులర్ టీచర్ జీతంలో మూడో వంతు కూడా ఉండదు, ఏప్రిల్‌తో అయిపోతుంది. అది అన్యాయమే. అది ఆ అమ్మాయికి దాచకుండా చెప్పాను. "ముందు పదో తరగతి గట్టెక్కనివ్వండి మేడమ్, డీఎస్సీకి చదువుకుంటూనే చెబుతాను" అంది.

బోటనీ_మేడమ్ | శుక్రవారం, సాయంత్రం 5:35

నమస్కారం. హెచ్ఎం మేడమ్ రాసిన ఆ బయాలజీ టీచర్ని నేనే. ఇవాళ ఖాతా తెరిచాను.

మొదట పిల్లలకు చెప్పాను, "ఆరోజు నేను చెప్పిన జవాబు సరికాదు, ఈరోజు చూద్దాం" అని. క్లాసు నిశ్శబ్దమైపోయింది. మాస్టారు చెప్పినట్టే రాయించాను. ముప్పై ఎనిమిది మందిలో ముప్పై ఒక్కరు "రెండోది తక్కువ" అని రాశారు. బల్బులు వినుకొండలో కొన్నాను, హోల్డర్లు దొరకలేదు, వైరు చివర్లు పట్టుకుని ఇద్దరు పిల్లలు నిలబడ్డారు. వెలిగించగానే రెండోది నిజంగానే మసకగా వెలిగింది! నా గుండె జారిపోయింది. పిల్లలంతా కేకలు. చోటు మార్చాం. మసక బల్బు ముందుకు వచ్చింది, మసకగానే ఉంది. కేకలు ఆగిపోయాయి. నాలుగుసార్లు మార్పించారు, నమ్మకం కుదరక. చివరికి ఒక అబ్బాయి, "బల్బులోనే తేడా ఉంది మేడమ్, కరెంటులో లేదు" అన్నాడు.

ఇరవై రెండేళ్ల సర్వీసులో ఫిజిక్స్ క్లాసు చెప్పి సంతోషంగా బయటికి రావడం ఇదే మొదటిసారి.

మొదట ప్రశ్న అడిగిన అమ్మాయే గంట కొట్టాక వెనకే వచ్చింది. "కరెంటు ఖర్చు కాకపోతే మరి సెల్లు ఎందుకు అయిపోతుంది మేడమ్?" అంది. సోమవారం చెబుతానన్నాను. మాస్టారూ, సెల్లు లోపల రసాయన చర్య జరుగుతుందని తెలుసు. దీన్ని చెయిన్‌తో ఎలా కలపాలి?

అవనిగడ్డ_రూమ్ | శుక్రవారం, రాత్రి 7:02

మేడమ్, సైకిల్ తొక్కేవాడు అలిసిపోయినట్టు. చెయిన్ అంతే ఉంటుంది, తొక్కేవాడి తిండి శక్తి అయిపోతుంది. సెల్లులో ఆ తిండి లోపలి రసాయనాలు. వాడేసిన సెల్లు ఒకటి నేను ముందే కోసి, జింకు డబ్బా ఎక్కడెక్కడ తినేసిందో కాగితం మీద పరిచి పిల్లలకు చూపించొచ్చు. లోపలి నల్లపొడిని పిల్లలు ముట్టుకోకూడదు, నేను గ్లౌజులు తెస్తాను.

తెస్తాను అని ఎందుకన్నానంటే, మీకూ హెచ్ఎం మేడమ్‌కూ అభ్యంతరం లేకపోతే సోమవారం నేనూ వస్తాను. ఎనిమిది నెలలుగా క్లాసురూమ్ చూడలేదు. ఆదివారం మధ్యాహ్నం బయలుదేరి విజయవాడ, గుంటూరు మీదుగా రాత్రికి వినుకొండ చేరతాను. వెనక బెంచీలో కూర్చుంటాను, పిలిస్తే పది నిమిషాలు చెబుతాను.

పల్నాడు_హెచ్ఎం | శుక్రవారం, రాత్రి 7:20

రా బాబూ. వినుకొండ బస్టాండులో ఉదయం ఏడున్నరకు మా ఊరి బస్సు ఉంటుంది, ఎడమవైపు చివర ఆగుతుంది. టిఫిన్ మా ఇంట్లో.